పైడమ్మ పుంజుకు నిద్ర లేదు

విదియ. గాలి దక్షిణం.

ఎల్లాజీ, నువ్వు ఈ పడవ పుస్తకంలో పైన గాలి, కింద పడిన చేప రాసేవాడివి. నేనూ గాలితోనే మొదలుపెట్టాను. చేప రాయడానికి లేదు, పడవ నీ దగ్గరుంది కదా. నా చదువు ఐదో తరగతితో ఆగింది. ఒత్తులు తప్పితే వచ్చాక దిద్దుకో. తప్పు పట్టకుండా నువ్వెలాగూ ఉండలేవు.

ఈ రోజు పనులు చెబుతాను. ఇంటి కింద డ్రమ్ములకు పట్టిన గుల్లలు గీకాను. ఎడమవైపు డ్రమ్ములు బరువెక్కి ఇల్లు ఒరిగిపోయింది. పులుసు గిన్నె పొయ్యి మీద నుంచి జారి గుమ్మం దాకా వచ్చింది. బయటికి పోదామనుకుందేమో, పట్టుకొచ్చి మళ్ళీ పొయ్యి మీద పెట్టాను. పక్కింటికి వేసిన వంతెన తాళ్ళు బిగించాను. ఎండ పలకలు తుడిచాను, లేకపోతే సాయంత్రానికి కరెంటు ఉండదు.

చీకటి పడకముందే మన అరుగు చివర, సముద్రం వైపు స్తంభానికి దీపం కట్టాను. నీళ్ళ మీద నుంచి చూస్తే తెప్పలపాలెంలో ఇళ్ళన్నీ ఒకేలా తేలుతుంటాయి. నువ్వొచ్చేటప్పుడు మనది గుర్తుపట్టాలి కదా.

దీపం వెలగగానే పక్కింటి పైడమ్మ తన అరుగు మీదకు వచ్చింది. నడుం మీద చేతులు పెట్టుకుని చాలాసేపు మాట్లాడింది. నా చెవిలో "నీ మాటా నిజమే వదినా, నీ మాటా నిజమే" అని వినిపించింది. చేతులు అంతలా ఊపుతూ ఒప్పుకునే మనిషి ఈ వరుసలో ఆమె ఒక్కతే. నడుం నొప్పి కూడా ఉన్నట్టుంది. పాపం, మొగుడు పోయాక కోళ్ళ మీదే బతుకుతోంది.

పంచమి. గాలి దక్షిణం, కొంచెం పడమర.

కొట్టుకు వెళ్ళి నూనె తెచ్చాను. ధర ఎక్కువన్నాను. కొట్టువాడు "నీ మాటా నిజమే అమ్మా" అని పూర్తి ధరే తీసుకున్నాడు. ఇది పాత నూనె అన్నాను. అదీ నిజమే అన్నాడు, అదే పోశాడు. చెవిబిళ్ళలు వచ్చిన దగ్గర్నుంచి కొట్టు దగ్గర గొడవ అన్నది లేదు. జనం కొట్టుకుని వంతెనలు నరుక్కున్నాక కదా, సహనం ఆఫీసు వాళ్ళు ఇంటింటికీ తిరిగి అందరి చెవుల్లో ఈ బిళ్ళలు పెట్టారు. పెట్టుకుంటే మనుషుల మనసు మెత్తబడుతుందని ఆఫీసరు చక్రపాణి గారు చెప్పారు. మెత్తబడింది. అప్పటినుంచి నాకు ఒక్కరూ అడ్డం చెప్పలేదు.

నీ మనసు కూడా మెత్తబడింది. అప్పటికి బిళ్ళలొచ్చి వారం కూడా కాలేదు, నువ్వు అరుగు మీద వల సర్దుకుంటున్నావు. గాలి తిరిగింది, ఈ రోజు పోవద్దురా అన్నాను. నువ్వు "నీ మాటా నిజమే అమ్మా" అన్నావు. పుట్టిన ఇన్నేళ్ళకు నా మాట ఒప్పుకున్నావని నవ్వుకుంటూ లోపలికి వెళ్ళి పొయ్యి వెలిగించాను. బయటికి వచ్చేసరికి పడవ లేదు.

ఒప్పుకున్నవాడివి లోపలి సముద్రానికి పోయి ఉండవు. ఒడ్డు వెంబడి ఏ పాలేనికో పోయి ఉంటావు. ఏదో అడ్డం వచ్చి ఆలస్యమైంది. వస్తాడు అని అందరితోనూ అంటాను. నిజమేనని అందరూ అంటారు. ఊరంతా అన్నాక నిజం కాకుండా ఎక్కడికి పోతుంది.

రాడేమో అని మాత్రం ఎవరితోనూ అనను. అంటే ఎవరైనా ఒప్పుకుంటారని భయం.

సాయంత్రం పైడమ్మ ఒక తట్టెడు చేప పేగులు మన గుమ్మంలోకి విసిరింది. నీ గాలాలకు ఎర కావాలని గుర్తుపెట్టుకుంది. పులుసు వండి పంపించాను. గిన్నె కడిగి తిరిగిచ్చింది.

అష్టమి. గాలి లేదు.

పైడమ్మ రోజూ దీపం వెలిగే వేళకు వచ్చి నిలబడుతోంది. దీపం వైపు వేలు చూపిస్తుంది, కళ్ళు మూసుకుంటుంది, తల కొట్టుకుంటుంది. నా చెవిలో మాత్రం అంతా నిజమే. ఇంత ఇష్టమైతే ఇంకొంచెం వెలుగు పెడదామనుకుని, "ఇంకా పెద్దది కడతానే పైడమ్మా, నువ్వేం దిగులు పడకు" అన్నాను. ఆమె రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. రెండు పెద్ద దీపాలు తెచ్చి కట్టాను.

ఆమె కోళ్ళు గూటిలోకి పోవడం మానేశాయి. చీకటి పడ్డా అరుగు మీద తిరుగుతున్నాయి. పైడమ్మ వాటి కాళ్ళకు దారాలు కట్టి ఆ కొసలు చేత్తో పట్టుకుని కూర్చుంటోంది. కోళ్ళను షికారు తిప్పే ఓపిక ఈ రోజుల్లో ఎవరికుంటుంది. పుంజు అయితే సూర్యుడు దిగలేదనుకుని సాయంత్రం నుంచీ కూస్తూనే ఉంది. గొంతు బొంగురుపోయి ఇప్పుడు తలుపు కీచుమన్నట్టు కూస్తోంది. దానికి నీ గొంతు పోలిక వచ్చింది, పదమూడేళ్ళప్పుడు నీకు గొంతు మారినప్పటి పోలిక.

ఏకాదశి. గాలి తూర్పు.

ఈ రోజు పైడమ్మ మన రెండిళ్ళకూ మధ్య పెద్ద టార్పాలిన్ కట్టింది. తూర్పు గాలికి నా దీపాలు ఊగుతున్నాయని అడ్డం కట్టింది కాబోలు. అయితే ఆమెకు వెలుగు రావడం లేదు. నా కోసం ఆమె చీకట్లో కూర్చోవడం ఏం బాగుంటుంది. దీపాలను టార్పాలిన్ కన్నా పైకి ఎత్తి కట్టాను. ఆమె అరుగు అంతా పట్టపగలు అయింది. వెలుగు చూసి నీళ్ళలోంచి ఎగిరే చేపలు కొన్ని ఆమె ఆరబెట్టిన బట్టల మీద పడ్డాయి. ఒకటి ఆమె ఒళ్ళోనే పడింది. పైడమ్మ దాన్ని తోక పట్టుకుని నా వైపు ఊపుతూ ఏదో అంది.

"నీ మాటా నిజమే వదినా."

"ఉంచుకోవే, వండుకో" అన్నాను.

పొద్దుటి పూట ఆమె సహనం ఆఫీసుకు వెళ్ళొచ్చింది. సాయంత్రానికి చక్రపాణి గారే పడవలో వచ్చారు. తెల్ల చొక్కా, చేతిలో గొడుగు. నన్నూ పైడమ్మనూ చెరో పక్కన నిలబెట్టుకున్నారు.

"పైడమ్మ గారు స్వయంగా మా కార్యాలయానికి వచ్చి ఈ దీపం గురించి ఒక గంట మాట్లాడారు. ఇది మన సామరస్యానికి చిహ్నమని నేనన్నాను. వారూ అదే అన్నారు. మాట్లాడుతూ మాట్లాడుతూ కంటతడి కూడా పెట్టుకున్నారు" అన్నారు.

పైడమ్మ ఆయన గొడుగు లాక్కుని నేలకేసి కొట్టింది. ఆయన నవ్వి, "చూశారా, ఎంత ఆవేశంగా ఏకీభవిస్తారో" అన్నారు.

పౌర్ణమికి మన వరుసకు ఆదర్శ సహన బహుమానం ఇస్తారట.

పౌర్ణమి. గాలి ఆగ్నేయం.

తలుపు గడియ పెట్టుకుని రాస్తున్నాను.

బహుమానం సభ మన అరుగు మీదే పెట్టారు. వరుసలో వాళ్ళందరూ ఎక్కేసరికి డ్రమ్ములు మునిగి అందరి పాదాలూ తడిశాయి. చక్రపాణి గారు నీళ్ళలో నిలబడే ఉపన్యాసం ఇచ్చారు. భిన్నాభిప్రాయం అన్న మాట ఈ వరుసలో వినబడి ఏడాది దాటిందని చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. తరువాత బహుమానం మీద గుడ్డ తీశారు. పాత ఓడ మీద నుంచి దించిన సెర్చ్ లైటు అది. మా ఇద్దరి స్నేహానికి గుర్తుగా ప్రభుత్వమే పెద్ద దీపం ఇస్తోందన్నారు. పైడమ్మ అక్కడే చతికిలబడింది.

జనం వెళ్ళాక, పొద్దు గుంకుతుండగా నేను మీట నొక్కాను. సముద్రం సగం దాకా తెల్లబడింది. ఆ వెలుగులో పైడమ్మ పుంజుకు మతి పోయినట్టుంది. అవతలి అరుగు మీద నుంచి ఎగిరి, సూర్యుడితో యుద్ధానికి పోయినట్టు లైటు మీదకు దూకింది. మధ్యలో నేనున్నాను. దాని గోరు నా చెవికి తగిలి, బిళ్ళ ఊడి, బల్లల సందులోంచి నీళ్ళలో పడింది. కింద ఏదో చేప గుటుక్కున మింగిన చప్పుడు కూడా అయింది.

అప్పుడు వినిపించింది.

"ఓలమ్మ నూకాలొదినా, నీకేటైనా బుద్దుందా? తగ్గించు, తగ్గించు అని నానేడుస్తుంటే రోజుకోటి పెద్దది కడతావేటి? నా కళ్ళు పోతన్నాయి. నా పుంజుకి పగలేదో రేతిరేదో తెలీక గొంతు పోనాది. పెట్టలు తూలిపోయి సముద్రంలో పడిపోతన్నాయని కాళ్ళకి దారాలు కట్టుకున్నాను. కోపమొచ్చి పేగులిసిరితే పులుసొండి పంపుతావు. పరదా కడితే పైకెత్తుతావు. నువ్వసలు మనిసివేనా?"

నేను కదలకుండా విన్నాను. ఒక్కో మాటా చెవిలోకి పోతుంటే వాన పడ్డట్టుంది. ఎల్లాజీ, నువ్వెళ్ళాక నన్ను ఎవరూ తిట్టలేదురా.

"పులుసు బాగాలేదా?" అన్నాను.

"పులుసు బాగానే ఉంది. ఉప్పే ఎక్కువ. పెతీసారీ ఎక్కువే. పెతీసారీ సెప్తన్నాను."

ఉప్పెక్కువని నువ్వనేవాడివి. మళ్ళీ ఇన్నాళ్ళకు ఒక మనిషి అంది. నాకు ఏడుపొచ్చింది. పైడమ్మ కంగారుపడింది.

"ఏడకు. దీపం తగ్గించు, సాలు."

"తగ్గించను. ఎల్లాజీ రావాలి" అన్నాను.

"ఆఁ, అలగన్నావు, బాగుంది. మరి తగ్గించు."

"తగ్గించనంటున్నానే."

"అదేనొదినా, తగ్గించు."

ఆమె చెవిలో బిళ్ళ ఇంకా ఉందని అప్పుడు అర్థమైంది. వంతెన దాటి వెళ్ళి, తల పట్టుకుని, బిళ్ళ పీకేశాను. ఆమె గుంజుకున్నా నేను వదల్లేదు. మళ్ళీ చెప్పాను.

"తగ్గించను పైడమ్మా. మావాడు రావాలి. దారి కనిపించాలి."

పైడమ్మ ముఖం ఎలాగో అయిపోయింది. ఇన్నాళ్ళూ నేను ఒప్పుకుని మోసం చేస్తున్నాననుకుందట. చేతిలో దారాలు వదిలేసింది. కోళ్ళు తలో దిక్కూ పోయాయి.

"ఆడు రాడు వొదినా" అంది.

నేను ఇంట్లోకి వచ్చి తలుపు వేసుకున్నాను.

పాడ్యమి. గాలి చూడలేదు.

పొద్దున్నే తలుపు కొట్టింది. తియ్యలేదు. బయటే కూర్చుని మాట్లాడింది. బిళ్ళ లేకపోతే మాట తలుపు సందుల్లోంచి కూడా వస్తుంది.

"రాడని నానంటే నీకు నా మీద కోపమే. ఉండు కోపంగా. కానీ ఆ రోజు ఆడేటన్నాడో నీకు సెప్పాల. ఏడాదిగా సెప్తన్నాను, నువ్వు సిలకలాగ నవ్వుతావు. నాకప్పుడు సెవిలో సీము పట్టిందని బిళ్ళ ఆలీసెంగా, నెల పోయాక ఎట్టినారు. అంచేత నానిన్నాను."

తలుపు తీశాను.

"నువ్వు పోవద్దన్నావు. ఆడికినపడింది. ఆడి బిళ్ళ ఆడి సెవిలో లేదు, పడవలో మేకుకి తగిలించీసేవోడు. సముద్రం మాట ఇనపడాల కదా అనీవోడు. ఆడేటన్నాడంటే..." అని ఆగి, నీలాగే మెడ ఒక పక్కకు వంచింది. "'అమా, నా సిన్నప్పట్నుంచీ గాలి గాలి అంటన్నావు. నువ్వొద్దన్నా నానెల్తాను. పులుసులో ఉప్పు తగ్గించు. వొచ్చాక తిట్టుకుందువు గాని.' అదీ ఆడన్నది."

మళ్ళీ చెప్పమన్నాను. చెప్పింది. మళ్ళీ అడిగాను. మెడ వంచడం మరిచిపోతే గుర్తుచేసి మళ్ళీ చెప్పించుకున్నాను. మధ్యాహ్నం దాకా ఆమె చేత అదే చెప్పించాను. విసుక్కుంది గానీ లేచి పోలేదు.

"నేనేం చేశాను?" అని అడిగాను, తెలిసి కూడా.

"నువ్వు నవ్వినావు. నవ్వుకుంటూ లోపలికెలిపోనావు. ఆడు నిన్ను సూసి, అమ్మ ఒప్పీసుకుంది, ఏటో ఇడ్డూరం అన్నాడు. ఆడూ నవ్వినాడు."

అదిరా సంగతి. నువ్వూ నేనూ ఒకరికొకరం ఒప్పుకున్నామనుకుని నవ్వుకున్నాం. ఎప్పటిలా నీ మాట నా చెవిన పడి ఉంటే, నేను పడవ తాడు పట్టుకుని వేలాడేదాన్ని. నువ్వు వేళ్ళు విడిపించేవాడివి, నేను మళ్ళీ పట్టుకునేదాన్ని. ఆ గొడవలో గాలి ఎంత ముదిరిందో నీకే తెలిసేది. తెలియకపోయి ఉండొచ్చు కూడా. కానీ ఆ గొడవ నాది. నా బిడ్డతో నా చివరి గొడవ ఒక బిళ్ళ తినేసింది.

పైడమ్మతో అన్నాను, "సరే, ఒప్పుకోకుండానే వెళ్ళాడు. కానీ వచ్చాక తిట్టించుకుంటానన్నాడు కదా. వస్తాడు."

"రాడు" అంది.

"వస్తాడు."

"రాడొదినా. నాకు నీ మీద కోపం లేదు. కానీ రాడు."

తదియ. గాలి పడమర.

దీపం గురించి పొద్దుటి నుంచీ పోట్లాడుకున్నాం. అసలొద్దని ఆమె, సెర్చ్ లైటే ఉంచుతానని నేను. నా కోళ్ళు బతకవద్దా అని ఆమె, నీ కోళ్ళ కోసం నా కొడుకు దారి తప్పాలా అని నేను. వరుసలో వాళ్ళు వంతెనల మీదకు వచ్చి చూశారు. వాళ్ళ చెవుల్లో బిళ్ళలున్నాయి కదా, మేం ఒకరినొకరం మెచ్చుకుంటున్నామనుకుని చప్పట్లు కొట్టారు. పైడమ్మ నా జుట్టు పట్టుకుంది. చప్పట్లు ఇంకా గట్టిగా మోగాయి.

చివరికి తేలింది ఇది. మీ నాన్న లాంతరు ఒకటే, చేప నూనెతో. సముద్రం వైపు అద్దం, పైడమ్మ వైపు రేకు. కోళ్ళు గూటిలోకి పోయాకే వెలిగించాలి. ఇది చాలదని నేనంటాను. ఇదీ ఎక్కువేనని ఆమె అంటుంది. నేను కొంచెం చీకటిని ఓర్చుకుంటాను, ఆమె కొంచెం వెలుతురును ఓర్చుకుంటుంది. రెండూ గుచ్చుకుంటూనే ఉన్నాయి. బహుమానం వచ్చినప్పుడు ఏదీ గుచ్చుకోలేదు, అందుకే ఓర్చుకోవడం అంటే ఏమిటో నాకప్పుడు తెలియలేదు.

సాయంత్రం చక్రపాణి గారు కొత్త బిళ్ళలు పట్టుకుని వచ్చారు. బిళ్ళ లేకుండా ఉండటం చట్టరీత్యా నేరమన్నారు.

"మేం పెట్టుకోం బాబూ" అన్నాను.

"సంతోషం" అన్నారు.

"సెవిలోనే కాదు, ముక్కులో కూడా ఎట్టుకోం. నువ్వూ పీకీసుకో. మీ ఆవిడ ఏటంటందో ఒకపాలి ఇను" అంది పైడమ్మ.

"అందరూ మీలాగే వెంటనే అంగీకరిస్తే మా పని ఎంత సులువు" అని ఆయన బిళ్ళలు అరుగు మీద పెట్టి, దండం పెట్టి వెళ్ళిపోయారు. పాపం, పడవ ఎక్కేటప్పుడు పలక జారుతుంది చూసుకోండని ఇద్దరం అరిచాం. జారదని ఆయన నమ్మకం. నడుం లోతు నీళ్ళలో పడ్డారు.

రెండు బిళ్ళలూ పైడమ్మ పుంజు మెడలో కట్టింది. బహుమానం దానికే రావాల్సిందట. సెర్చ్ లైటు స్తంభానికి చేపలు ఆరవేసే దండెం కట్టాం.

షష్ఠి. గాలి దక్షిణం.

రెండు రోజులు జ్వరం. ఒళ్ళు తెలియలేదు. ఇంతలో డ్రమ్ములు గీకలేదు, ఇల్లు ఒరిగింది, మంచంతో పాటు నేనూ గోడకు ఆనుకున్నాను. పైడమ్మ గంజి పోసి వెళ్ళేది. ఉప్పు వెయ్యలేదు. ఎందుకు వెయ్యలేదని అడిగితే, నీ నాలిక మీద ఇంకా ఏడాది ఉప్పుందిలే అంది.

ఈ సాయంత్రం మెలకువ వచ్చేసరికి చీకటి పడుతోంది. లాంతరు గుర్తొచ్చింది. వెలిగించక రెండు పూటలు గడిచిపోయాయి. గోడ పట్టుకుని బయటికి వచ్చాను.

లాంతరు వెలుగుతోంది. అద్దం తుడిచి ఉంది. రేకు సరిగానే ఆమె ఇంటి వైపు ఉంది. కానీ పైడమ్మ ఆమె ఇంటి వైపు లేదు. మన అరుగు చివర, వెలుగు ముఖం మీద పడేలా కళ్ళు చికిలించుకుని కూర్చుంది. పక్కన గంప కింద పుంజు నిద్రపోతోంది.

"నిన్నా నువ్వే వెలిగించావా?" అన్నాను.

"మొన్నా నానే."

పక్కన కూర్చున్నాను. సముద్రం మీద ఏమీ లేదు. చాలాసేపు ఏమీ లేదు.

"రాడన్నావు కదే" అన్నాను.

"రాడు" అంది. లాంతరు ఎత్తి ఊపి చూసింది. "నూనయిపోతంది. ఎల్లి కొంచెం తే."